వంక గట్టున ఓబళేశ్వరప్ప పేరు

నేను ఒక నల్లరాతి పలకను. కొండను పేల్చి నన్ను బయటికి తీశారు. ఏ గుడికో పోతాననుకున్నాను. మంత్రి పేరు మోసే పని పడింది.

నన్ను చెక్కినవాడు కంబగిరి. వాళ్ల ఊరికీ అవతల ఉన్న మండల కేంద్రానికీ మధ్య వంక ఉంది. దాని మీద వంతెన కడతామన్నారు. మంత్రి ఓబళేశ్వరప్ప శంకుస్థాపనకు ముందే వచ్చి నన్ను చూశాడు. వంతెన మాట చిన్నగా, తన పేరు జానెడు అక్షరాల్లో ఉండాలన్నాడు.

"లోతుగా కొట్టప్పా. నా మనవని మనవడు గూడా సదవల్ల."

కంబగిరి తల వంచుకుని కొట్టాడు. పేరు ఎంత పెద్దదైతే వంతెన అంత తొందరగా వస్తుందని నమ్మాడు.

నన్ను వంక గట్టున పాతి, శామియానా వేశారు. టెంకాయలు కొట్టారు. జేజేలు కొట్టి వెళ్లిపోయారు. ఇటుక కూడా రాలేదు. తరువాతి ఎన్నికల్లో ఓబళేశ్వరప్ప ఓడాడు. పాతవాడి పేరున్న పనిని కొత్తవాళ్లు ముట్టుకోలేదు. నా మీద పిడకలు కొట్టారు. పిడకలకు ఎవరి పేరైనా ఒకటే.

ఒక వానాకాలం కంబగిరి భార్య సుంకులమ్మను పాము కరిచింది. మంచం మీద మోసుకొచ్చి నా పక్కన దించారు. ఆసుపత్రి అవతల. వంక గట్లు ఒరుసుకుని పారుతోంది. నీళ్లు తగ్గేసరికి ఆమె లేదు.

కంబగిరి పెద్ద తాడు కొన్నాడు. వంక వచ్చినప్పుడల్లా దాటేవాళ్ల నడుముకు ఒక కొస కట్టి, రెండో కొస తన నడుముకు కట్టుకుని, ముందు తాను దిగేవాడు. ఎవరినీ కాదనలేదు. పార్టీ అడగలేదు.

మొన్న సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. నామినేషన్లకు చివరి రోజున, వాన వెలిశాక, ఒక జీపు నా ముందు ఆగింది. ఓబళేశ్వరప్ప దిగాడు. జుట్టంతా నెరిసింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నామినేషన్ కాగితాలు. రాష్ట్రాన్ని ఏలినవాడికి ఇప్పుడు ఒక్క ఊరు కావాలి. మూడు గంటలు దాటితే అవతలి మండల ఆఫీసులో కాగితాలు తీసుకోరు. చుట్టుదారిన పోతే పొద్దుగూకుతుంది.

"తాడెయ్యప్పా, జల్దీ. మూడు లోపల పోవల్ల."

పారుతున్న వంక గట్టున తాడుతో నిలబడ్డ కంబగిరి కదలలేదు.

"నేనెవరో తెల్దా?" ఓబళేశ్వరప్ప నా మీది పిడకలను గోళ్లతో పీకాడు. పేడ కింద నుంచి తన పేరు బయటపడింది. "సూడు. ఇది నేను."

"తెల్సు సామీ. చెక్కింది నేనే."

"మరింక యాల నిలబడినావు?"

"వంతెన లేనోల్లకు సామీ ఈ తాడు. మీరు వంతెన కట్టిచ్చినారు గదా. దాని మీద పోండి."

ఓబళేశ్వరప్ప ముఖం ఎర్రబడింది. తిట్టాడు. తరువాత బతిమాలాడు. చేతులు జోడించాడు. కంబగిరి తాడు మీద కూర్చుని వంకకేసి చూస్తున్నాడు.

ఓబళేశ్వరప్ప చెప్పులు విప్పి ఒక్కడే దిగాడు. మోకాళ్లు దాటి, తొడలు దాటి నీళ్లొచ్చాయి. కాలు జారింది. కంబగిరి లేచి నిలబడ్డాడు. తాడు కొస అతని చేతిలోకి వచ్చింది, కానీ విసరలేదు. ఓబళేశ్వరప్ప జమ్ము పట్టుకుని, పాకుతూ వెనక్కి గట్టెక్కాడు. కవరు మాత్రం తడవనివ్వలేదు.

మూడు దాటింది. అవతల టపాసులు పేలాయి. ఎవరో మైకులో ఏకగ్రీవం అని అరిచారు. ఓబళేశ్వరప్ప గడియారం చూసుకోలేదు.

అప్పుడు కంబగిరి దగ్గరికి వచ్చి, ఓబళేశ్వరప్ప నడుముకు తాడు కట్టబోయాడు.

"రా పెద్దాయనా. ఇప్పుడు దాటిస్తా."

"ఇప్పుడు దాటి ఏం జేసేది?"

కంబగిరి ముడి వేస్తున్న చేతులు ఆగాయి. నా పక్కన, ఆనాడు సుంకులమ్మను దించిన చోటికేసి చూశాడు. తాడు విప్పుకుని, చుట్ట చుట్టి, భుజాన వేసుకుని ఊరివైపు నడిచాడు.