నత్తకి కాపలా, నవమికి సెలవు

నేను ఒక తాళాన్ని. తాళమనగానే బడ్డీకొట్టు తలుపుకి వేలాడే పిల్లతాళం అనుకునేరు! బండి చక్రాన్ని రెండు దవడల మధ్య ఇరికించి పట్టుకునే ఇనుప తాళాన్ని, వీల్ లాక్‌ని. పసుపు రంగు వేసుకున్న బండ ఒళ్లు నాది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు కింద, తుక్కుకు వచ్చిన లారీ కమాన్ పట్టీలు కోసి, అతికించి నన్ను పుట్టించారు. ఊళ్లన్నీ తిరిగిన ఇనుముతో, బండ్లను కదలనివ్వని నన్ను చేశారన్నమాట. మనుషుల సరదాలు అలాగే ఉంటాయి.

మొదట ఒక ఊరి ట్రాఫిక్ పోలీసుల దగ్గర కొలువు చేశాను. నో పార్కింగ్ బోర్డుకి ఆనించి మరీ కారు పెట్టేవాళ్లు. బోర్డంత బోర్డు వాళ్ల కంటికి ఆనదు, చక్రం దగ్గర నేను మాత్రం ఆమడ దూరం నుంచే కనిపిస్తాను! ఇక తిట్లు మొదలు. నా ముందు ఏడుతరాలనీ, వెనక ఏడుతరాలనీ తిట్టిపోశారు. తాళానికి తరాలేమిటి తల్లీ అని అడుగుదామంటే నోటినిండా చక్రం. కొన్నేళ్లకు కొత్త తాళాలు వచ్చాయి, నన్ను వేలంలో పడేశారు. నన్ను పాడుకున్నవాడు నరసరావుపేట బసవపున్నయ్య.

బసవపున్నయ్య జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసి దిగిపోయినవాడు. ఆయన భార్య అనసూయమ్మ పాతికేళ్లు కాలేజీ పిల్లలకి మెస్సు నడిపింది. ఊరందరికీ వండిపెట్టిందే గానీ, ఊరి పొలిమేర దాటింది తక్కువ. ప్రయాణమంటే ఆమెకి భయమేమీ లేదు, దారిలో మరుగుదొడ్లంటేనే భయం. బస్సెక్కాలంటే ముందురోజు నుంచి మంచినీళ్లు మానేసేది. చివరికి, "నా వంటిల్లూ నా స్నానాలగదీ నా వెంట వస్తే కాశీకైనా వస్తానయ్యా, లేకపోతే నన్నడగమాక" అని తేల్చేసింది.

బసవపున్నయ్య ఆ మాట పట్టుకున్నాడు. మెస్సు మూసిన ఏడాదే ఒక కారవాన్ కొన్నాడు. కారవానంటే జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు. లోపల గ్యాసుపొయ్యి, మంచం, తలుపు గట్టిగా పడే మరుగుదొడ్డి అన్నీ తన చేతుల్తో అమర్చాడు. ఇల్లు మోసుకుని తిరుగుతుంది కాబట్టి అనసూయమ్మ దానికి 'నత్త' అని పేరు పెట్టింది. దసరా వెళ్లగానే నత్త మీద సూర్యలంక సముద్రం మొదలుకుని కన్యాకుమారి దాకా పోవాలని ముహూర్తం పెట్టుకున్నారు. జీపుకి తగిలించుకుపోయే ఇల్లు కదా, ఎవరి జీపుకి తగిలించినా పోతుంది! అందుకే దాని చక్రానికి నన్ను కాపలా పెట్టారు.

నా పని నేను చేశాను. నత్త మీద కన్నేసినవాడు ఒకడు లేకపోలేదు. రెండుసార్లు చెప్పు సరిచేసుకునే నెపంతో నా పక్కన వంగి, నన్ను తట్టి, నిట్టూర్చి వెళ్లాడు. ఇంతలో మహర్నవమి వచ్చింది.

ఆయుధపూజనాడు అనసూయమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, నత్తకి బంతిపూల దండలు కట్టించి, లోపల పీట వేసింది. కత్తిపీట, అట్లకాడ, బసవపున్నయ్య స్పానర్లు వరసగా పెట్టి, "ఆ తాళం కూడా ఊడదీసి తీసుకురా" అంది.

"తాళం తీస్తే బండి గతేం కానూ? అది చక్రానికుండగానే బొట్టుపెట్టు!" అన్నాడాయన.

"ఏడాదంతా చాకిరీ చేసేదానికి ఒక్కరోజు సెలవివ్వలేవా? నా మెస్సులో అట్లకాడక్కూడా ఇచ్చానయ్యా ఈ సెలవు. రేపటిదాకా దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను."

నన్ను కడిగి, తుడిచి, పసుపురాసి కుంకుమ పెట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ తిట్లు తిన్న ఒళ్లు నాది. ఆ వేళ్లు తగిలితే నాకు ఏడుపొచ్చినంత పనైంది. తరవాత దిష్టి తీయడానికి బూడిదగుమ్మడికాయ లేదని గుర్తొచ్చింది. మొగుడు పుచ్చుకాయ పట్టుకొస్తాడేమోనని అనుమానం, ఆమె కూడా స్కూటరెక్కి బజారుకెళ్లింది.

వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో, చెప్పు సరిచేసుకునే పెద్దమనిషి జీపేసుకుని దిగాడు. బోసిచక్రం చూసి వాడి మొహం చేటంత అయింది. పట్టపగలే నత్తని జీపుకి తగిలించాడు. దొంగల నుంచి కాపాడాల్సిన నేను పీట మీద బొట్టు పెట్టుకుని కూర్చుని దొంగసొత్తయిపోయాను! అన్నిటికన్నా నా బెంగ అనసూయమ్మ గురించే. ఈ నత్త పోతే ఆమె మళ్లీ గడప దాటదు.

జీపు కదిలేలోగా ఎదురింటి పిచ్చమ్మగారు కర్ర పొడుచుకుంటూ అడ్డమొచ్చింది. "ఏందబ్బాయ్, గుడికేనా, పూజకి?"

దండలేసిన బండి ఆయుధపూజనాడు గుడికి కాక ఎక్కడికెళ్తుంది? వాడూ తడుముకోకుండా, "అవునమ్మా, గుడికే. అనసూయమ్మగారు పంపారు, డ్రైవర్ని" అన్నాడు.

"అట్టయితే ఆగు. నా మోకాళ్లు నడవనియ్యవు, నేనూ ఎక్కుతా."

ఎక్కి నా పక్కనే చతికిలపడింది. వీధిలో ఆడవాళ్లు కొబ్బరికాయలతో బయల్దేరారు. మలుపు దగ్గర డప్పులవాళ్లు కలిశారు. దొంగకి తప్పించుకునే సందు దొరకలేదు. ముందు డప్పులు, వెనక జనం, మధ్యలో ముసలమ్మ "మెల్లిగా పోనీ నాయనా" అంటూ గదమాయింపు. ఊరేగింపులో దొంగతనం చేసినవాడు వాడొక్కడే అయివుంటాడు.

ఆంజనేయస్వామి గుడి ముందు ఆటోలు, ట్రాక్టర్ల వరసలో మమ్మల్ని నిలబెట్టారు. పూజారి వాడి చేతిలో అక్షతలు పోసి, "గోత్రనామాలు చెప్పు నాయనా" అన్నాడు.

అక్కడ చూడాలి వాడి అవస్థ! ఊళ్లో ఎవరితోనైనా అబద్ధమాడగలడు. అక్షతలు పట్టుకుని హనుమంతుడి ముందు ఎలా ఆడతాడు? పైగా పుణ్యం ఊరికే ఇంకొకరి ఖాతాలో పడేయడానికి మనసెలా ఒప్పుతుంది? "గోత్రం తెలవదండీ. పేరు ఏడుకొండలు. భార్య నాగేంద్రమ్మ. పాప హారిక. పాపకి ఆయాసమండీ, కాస్త గట్టిగా చదవండి" అన్నాడు.

"అయితే శివగోత్రం" అని పూజారి మైకులో అందరి పేర్లూ చదివేశాడు.

లోపల పిచ్చమ్మగారు నిటారుగా లేచింది. "ఏందబ్బాయ్? బండి అనసూయమ్మది, నీ పెళ్లాం పేరేంది మధ్యలో?"

గుమ్మడికాయల కొట్టు గుడి ఎదురే. మైకులో పిచ్చమ్మగారి కేక విని అటు చూసిన అనసూయమ్మకి తన నత్త కనిపించింది. చేతిలో కాయ పడేసి పరుగెత్తుకొచ్చింది. "నా ఇల్లయ్యా ఇది! నా ఇల్లు!" అని నత్తని రెండు చేతులా పట్టుకుని భోరుమంది. బసవపున్నయ్య ఏడుకొండలు చొక్కా పట్టుకున్నాడు.

"హారతి అయ్యేదాకా ఆగండి బాబూ! సంకల్పం చెప్పుకున్నా, మధ్యలో లేస్తే పాపకి మంచిది కాదు" అన్నాడు దొంగ చేతులు జోడించి.

"పూజలో గొడవేంటండీ, ఆగండి" అన్నాడు పూజారి కూడా.

బసవపున్నయ్య చొక్కా వదల్లేదు. వదలకుండానే ఇంకో చేత్తో హారతి కళ్లకద్దుకున్నాడు. దొంగా, దొరా పక్కపక్కన నిలబడి తీర్థం తీసుకున్నారు. చొక్కా విదిలించుకోలేక కాదు, ఏడుకొండలు నిజంగానే పూజ ముగిసేదాకా కదల్లేదు. ఆ తరవాత పోలీసులొచ్చి తీసుకెళ్తుంటే అనసూయమ్మ కళ్లు తుడుచుకుని, కొబ్బరిచిప్ప వాడి చేతిలో పెట్టి, "పాపకి పెట్టమను మీ ఆవిడ్ని" అంది. ఆమె అంతే, తిండి పెట్టకుండా ఎవర్నీ పంపదు.

బసవపున్నయ్య స్కూటరు ఇంట్లో పడేసి, సొంత జీపు తెచ్చి నత్తని తగిలించాడు. "ఇంటికి పోగానే తాళం వేసేస్తా" అన్నాడు.

"తాళానికి రేపటిదాకా సెలవని చెప్పాగా. ఇంటికెందుకు? ముహూర్తందాకా ఆగితే ఇంకోడొస్తాడు. పొయ్యుంది, బియ్యమున్నాయి, మన బట్టలున్నాయి. పిచ్చమ్మత్తని దింపేసి ఇటే పోదాం పద" అంది అనసూయమ్మ.

దారిపొడవునా ఆమె మంచినీళ్లు తాగుతూనే ఉంది. రెండు చోట్ల నత్తని ఆపించి, దర్జాగా తలుపేసుకుని వచ్చింది.

పొద్దు వాలే వేళకి సూర్యలంక చేరాం. బసవపున్నయ్య దిగి, బోసిచక్రం చూసి, నత్త మెట్టు మీద కర్ర పట్టుకుని కూర్చున్నాడు. అనసూయమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని తిన్నగా నీళ్లలోకి నడిచింది. అల వచ్చి మోకాళ్లు తడిపేసరికి చిన్నపిల్లలా కేక పెట్టింది.

"ఏమయ్యా, ఎంతసేపు దానికి కాపలా కాస్తావు? రా!" అంది.

ఆయన నావైపు చూశాడు, అలవైపు చూశాడు, కర్ర నా పక్కన పడేసి పరుగెత్తాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. పీట మీద నుంచి ఇద్దరూ నాకు బాగా కనిపిస్తున్నారు. ఆ గంటసేపు మా నత్తకి తాళం లేదు, కాపలా లేదు. దొంగ రావాలని నేను కోరుకోలేదు గానీ, వచ్చి లాక్కుపోయినా సరే, నీళ్లలో ఉన్న అనసూయమ్మ వెనక్కి తిరిగి చూసేది కాదు.