ఫ్లెక్సీ మీద జగదీశ్వర్

నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీ. మాస్ కమ్యూనికేషన్ చివరి ఏడాది పిల్లలకు కుమారస్వామి సార్ ఒక పని పెట్టాడు. సినిమా మొత్తం తీయొద్దు, ఓపెనింగ్ ఒక్కటే తీయండి. రెండు నిమిషాలు. చూసేవాడు కుర్చీలోంచి లేవకూడదు. ముగ్గురికో జట్టు.

జ్యోత్స్న, కరుణాకర్, భాను ఒక జట్టు. జ్యోత్స్నది డైరెక్షన్. వాళ్లది చిక్కడపల్లి, సొంతిల్లు. కరుణాకర్‌ది కెమెరా, అంటే వాళ్ల అన్న ఫోను. భానుది ఎడిటింగు. భాను వాళ్ల నాయన సినిమాల్లో లైట్లు మోస్తాడు. అందుకని సినిమా సంగతి ఏదొచ్చినా మిగతా ఇద్దరికీ భాను మాటే చెల్లుతుంది.

కథ జ్యోత్స్న రాసింది. పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లుండే అశోక్‌నగర్ సందులో కరెంటు స్తంభానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంటుంది. దాని మీద ఒక నిరుద్యోగి ఫొటో. కింద నుంచి జనం జిరాక్స్ కాగితాలు పట్టుకుని, టీ తాగుతూ, తల ఎత్తకుండా నడిచిపోతుంటారు. అంతలో ఆ ఫొటోలోని మనిషే నడుచుకుంటూ వచ్చి, తన ఫ్లెక్సీ ముందు ఆగి, తలెత్తి చూస్తాడు. టైటిల్ పడుతుంది. అంతే.

మనిషి కావాలి. కరుణాకర్‌కు జగదీశ్వర్ గుర్తొచ్చాడు. సిటీ సెంట్రల్ లైబ్రరీ గేటు ముందు టీ బండి దగ్గర పరిచయం. కోయిలకొండ దగ్గర పల్లె అతనిది. ముప్పై దాటాయి. గ్రూప్ టూ కోసం అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటున్నాడు. నోటిఫికేషన్ రావడం, వాయిదా పడటం, పరీక్ష రాయడం, అది రద్దవడం, మళ్లీ మొదటి పేజీ తెరవడం. పైన కుర్చీల్లో మనుషులు మారారు, అతని మంచం మారలేదు. తండ్రి లేడు. తల్లి బీరమ్మ కొండాపూర్‌లో అపార్ట్‌మెంట్ పనుల్లో కూలి. ఈ ఒక్కసారి రాయనివ్వమని తల్లిని బతిమాలి ఒప్పించుకున్నాడు. పరీక్ష దగ్గరకొచ్చింది. అప్పటిదాకా ఎవరూ కదిలించకుండా అశోక్‌నగర్‌లో ఉండాలి. అతనికి కావాల్సింది అదొక్కటే.

"అన్నా, మా సినిమాల జర యాక్ట్ చేస్తవా?" అని టీ బండి దగ్గర, మిగతా ఇద్దరి ముందు అడిగాడు కరుణాకర్.

"ఏం వేషం?"

"సచ్చిపోయినోడి వేషం."

జగదీశ్వర్ గ్లాసు దించలేదు. "గీ వేషం నాకన్న ఎవడు బాగ కడతడు తమ్మి. ఇన్నేండ్ల సంది రిహార్సలే గద."

ముగ్గురూ నవ్వారు. ఆ మాట గుర్తుంచుకొమ్మని జ్యోత్స్న భానుకు సైగ చేసింది.

"డైలాగులు ఉన్నయా?"

"లేవన్నా. ఉత్త నిలబడి చూసుడే."

"మంచిగయింది. మాట్లాడుడు మర్శిపోయిన నేను."

నారాయణగూడ చౌరస్తా దగ్గర ఫ్లెక్సీ దుకాణంలో పేరేం వేయాలని అడిగారు. జ్యోత్స్న ఏదో ఒక పేరు చెప్పబోయి ఆగింది. "దొంగ పేరు పెడితే నాటకం లెక్క కొడతది. అసలు పేరే వేద్దాం," అని జగదీశ్వర్‌కు ఫోన్ చేసింది.

"ఎయ్యిండ్రి. ఊరి పేరు గూడ ఎయ్యిండ్రి చెల్లె. మా ఊరి పేరు గంత పెద్దక్షరాలల్ల ఎన్నడు పడ్డది," అన్నాడు అతను.

పడింది. తెల్ల చొక్కా ఫొటో, హాల్‌టికెట్ కోసం దిగింది. పైన శ్రద్ధాంజలి. కింద పేరు, ఊరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. అడుగున 'అశ్రునయనాలతో మిత్రబృందం'. దుకాణంలో ఆ మాటలన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. ఫొటో మార్చడమే పని.

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ సందులో స్తంభానికి ఫ్లెక్సీ కట్టి బంతిపూల దండ వేశారు. జనం నడిచే షాట్ తీశారు. ఎవరినీ నటించమని అడగాల్సిన పని పడలేదు. ఇద్దరు ఆగి, "షూటింగా?" అని కనుక్కుని పోయారు. మిగతావాళ్లు నిజంగానే తల ఎత్తలేదు. తర్వాత కెమెరాను దండ వేసిన ఫొటో దగ్గరకు తీసుకెళ్లారు.

ఆ షాట్ కాగానే భాను చెయ్యెత్తాడు. "ఆపకు, ఆపకు. అన్నను కెమెరా ముందల నవ్వనియ్యి."

"ఎందుకు?"

"దండ ఏసిన ఫొటో తీస్తే ఆ మనిషిని వెంటనే నవ్వించాలె. సినిమోళ్లు అందరు చేస్తరు. లేకుంటే కీడు. మా నాయన చెప్పిండు."

జగదీశ్వర్ కెమెరా ముందుకొచ్చాడు. నవ్వు రాలేదు. "ఎట్ల నవ్వాలె?" అన్నాడు.

"అన్నా, నీకు డిప్యూటీ తహసీల్దార్ వచ్చింది. కొత్త జీపు, డ్రైవర్," అన్నాడు కరుణాకర్.

అప్పుడు నవ్వాడు. పళ్లన్నీ కనిపించేటట్టు నవ్వాడు. కీడు పోయిందని వీళ్లు అనుకున్నారు.

అంతలో మబ్బు కమ్మింది. జగదీశ్వర్ వచ్చి నిలబడే షాట్ మిగిలిపోయింది. కరుణాకర్ ఫ్లెక్సీ విప్పబోతే భాను ఆపాడు. "ముట్టకు. రేపు మళ్ల కడితే ఇదే మడత రాదు, దండ ఇట్లనే జారదు. రెండు షాట్లు కలవయి. కంటిన్యూటీ పోతది."

"మరి ఇట్లనే ఉంచుదమా?"

"ఒక్క రాత్రే గద," అంది జ్యోత్స్న. "ఈ సందుల ఎవరు తల ఎత్తి చూస్తరు?"

సోమవారం పొద్దున జగదీశ్వర్ ఎప్పటిలాగే ఫోన్ ఆపేసి పెట్టెలో పెట్టి లైబ్రరీకి నడిచాడు. తన ఫ్లెక్సీ కింద నుంచే నడిచాడు. కాసేపటికి రాఘవేందర్ అని, పక్క ఊరి పిల్లవాడు, వేరే హాస్టల్ వాడు, ఆ సందులోకి టీకి వచ్చాడు. అతను తల ఎత్తాడు.

ఫొటో తీశాడు. జగదీశ్వర్‌కు ఫోన్ కొట్టాడు, స్విచాఫ్. ఫొటోను తమ వైపు ఊళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. హాస్టల్ మెట్లు ఎదురుగానే ఉన్నాయి. ఎక్కి అడగలేదు. అతనికి మాక్ టెస్ట్ టైమైంది. చెడ్డవాడేం కాదు, కళ్లు తుడుచుకుంటూనే పోయాడు. కాని అనుమానం రాలేదు. గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసబెట్టి పడ్డాయి. ఎప్పుడు, ఎట్లా, నిజమేనా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఏం రోగమని కూడా అడగలేదు. అశోక్‌నగర్, నిరుద్యోగి, ఫ్లెక్సీ. మిగతాది ఎవరికి వాళ్లు పూరించుకున్నారు. పిల్లలు చచ్చిపోవడం వార్త కాకుండా పోయిన చోట అబద్ధానికి సాక్ష్యం అక్కర్లేదు. జనాన్ని ఈ చావులకు అంతగా అలవాటు చేసిన పై కుర్చీలవాళ్లకు మాత్రం ఆ రోజు కూడా ఆకలి వేసింది, అన్నం తిన్నారు.

ఊళ్లో బీరమ్మ మరిది దుర్గయ్యకు ఆ ఫొటో చూపించారు. దుర్గయ్య వదినకు ఫోన్ చేశాడు.

మధ్యాహ్నం కాలేజీ పిల్లలు ముగ్గురూ లైబ్రరీకి వెళ్లి జగదీశ్వర్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. సందు మొదట్లోనే గుంపు కనిపించింది. "షూటింగ్ చూడనీకి వచ్చిన్రు. క్రౌడ్ షాట్ ఫుకట్ల దొరికింది," అని కరుణాకర్ సంబరపడ్డాడు.

స్తంభం మొదట్లో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. చీర నిండా సిమెంటు. ఒక చెయ్యి స్తంభాన్ని పట్టుకుని ఉంది. ఏడవడం లేదు. ఏడ్చి ఆగిపోయిన మనిషి. చుట్టూ నిలబడ్డవాళ్లు దారిన పోయేవాళ్లు, ఫొటోలోని మనిషిని ఎరగరు, ఏం చెప్పాలో వాళ్లకు తెలియదు. ఎవరో నీళ్ల బాటిల్ ఇస్తే అది మూత తీయకుండా ఒడిలో ఉంది.

"అమ్మా," అన్నాడు జగదీశ్వర్.

ఆమె అతన్ని చూసింది. పైకి, ఫ్లెక్సీ వైపు చూసింది. మళ్లీ అతన్ని చూసింది. లేవలేకపోయింది. అతను వంగితే ముందు కాళ్లు తడిమింది, తర్వాత చేతులు, మెడ. మెడ మీద చాలాసేపు చెయ్యి ఉంచింది. అప్పుడు చెంప మీద ఒకటి కొట్టింది. కొట్టిన చోటే నిమిరింది.

"సిన్మా అమ్మా. ఉత్తదే. పిల్లలు కాలేజీ కోసం తీస్తున్రు."

"సిన్మానా."

జ్యోత్స్న ముందుకొచ్చింది. "తప్పు మాది అమ్మా. రాత్రి విప్పకుండ పోయినం. అన్నదేం లేదు."

"నిన్నేమంట బిడ్డ. సిన్న పిల్లవు," అంది బీరమ్మ. కొడుకు వైపు తిరిగింది. "సామాన్లు సదురు."

"ఎక్కడికి?"

"నా తాన్కి."

"పరీక్ష ఉందే. నెలగూడ లేదు. రాసి వొస్త. నువ్వే గద ఒప్పుకున్నవ్."

"ఒప్పుకున్న."

"మరి? నేను మంచిగనే ఉన్న గద. సూడు. ఏమయింది నాకు?"

చుట్టూ ఉన్నవాళ్లు వింటున్నారని బీరమ్మకు పట్టింపు లేదు.

"మీ చిన్నాయిన ఫోన్ జేసిండు. వదినా, పిల్లగాడు లేడు అన్నడు. నేనేమనాలె? గట్లెట్ల అయితది, నిన్న మొన్ననే మాట్లాడిన గద, అబద్ధం అనాలె గద. కన్నతల్లిని. నేనేమన్ననో ఎరుకనా? ఎట్ల జేసుకుండు అని అడిగిన. గదే అడిగిన. తట్ట దించి గదే మాట అడిగిన. నమ్మిన బిడ్డ. ఫోన్ మోగినప్పుడే నమ్మిన. అంటే లోపల ఎన్నేండ్ల సంది ఈ ఫోన్ కోసమే సూస్తున్ననో ఏమో."

"అమ్మా, నేనసుంటోణ్ణి గాదు."

"గాదా? నన్ను సూసి చెప్పు. ఒక్కసారన్న అనుకోలే?"

అది చిన్న అబద్ధంతో తీరిపోయే ప్రశ్న. లేదమ్మా అంటే చాలు. కాలం-పని లెక్కల సూత్రాలు, రాజ్యాంగ సవరణలు ఎవరు నిద్ర లేపి అడిగినా చెప్పగలిగినవాడు. ఆ ఒక్క మాట చెప్పలేకపోయాడు. గుంపులో ఉన్న అలాంటి కుర్రాళ్లు కొందరు తలలు దించుకుని పక్కకు జరిగారు.

బీరమ్మ స్తంభాన్ని పట్టుకుని లేచింది. "పా. నేను గూడ సదురుత."

మగపిల్లల హాస్టల్లోకి ఆడవాళ్లను రానివ్వరు. ఆ రోజు ఎవరూ అడ్డం చెప్పలేదు.

మిగిలిన షాట్ తీయలేదు. జ్యోత్స్న కాలేజీలో సార్‌కు ఏమీ చూపించలేదు. ఆమెకు మార్కులు పోయాయి. అది పెద్ద నష్టం కాదు, మళ్లీ ఇంకో సినిమా తీసుకుంటుంది.

కొండాపూర్‌లో లేస్తున్న అపార్ట్‌మెంట్ పక్కన రేకుల గుడిసె. జగదీశ్వర్ అక్కడ పుస్తకం తెరిస్తే బీరమ్మ వచ్చి ఎదురుగా కూర్చునేది. ఏం చదువుతున్నాడో చూడటానికి కాదు. అతని ముఖం చూడటానికి. అట్లా చూస్తుంటే ఎవడు చదవగలడు? ముందు కాసేపు చదివి మూసేవాడు. తర్వాత తెరవలేదు. ఒంటరిగా కూర్చుంటే ఆమె భయపడుతుందని పనిలోకి దిగాడు.

పరీక్ష రోజు పొద్దున ఆమే లేపింది. రొట్టెలు చేసి పెట్టింది. ఉతికిన చొక్కా తెచ్చి ఇచ్చింది.

"పోయి రాసి రా. నేను గేటు బయట కూసుంట."

"ఇప్పుడు రాస్తే ఏమొస్తదే."

"రేపు నేనే ఆపిననంటవ్."

"అననమ్మ."

"అను," అంది బీరమ్మ. "తిట్టు నన్ను. గొడవ పెట్టుకో. నీకు కోపమొస్తే నాకు జర ధైర్యమయితది."

జగదీశ్వర్‌కు కోపం రాలేదు. రొట్టె తిన్నాడు, చేతులు కడుక్కున్నాడు. మేస్త్రీ పిలిస్తే తలకు తువ్వాల చుట్టుకుని పైకి ఎక్కడం మొదలుపెట్టాడు. పై అంతస్తుకు ఇంకా గోడలు లేవలేదు. బీరమ్మ కింద నిలబడి, చొక్కా చేతిలో పట్టుకుని, అతను ఎక్కడ అడుగు వేస్తున్నాడో చూస్తూ ఉంది.