ఎర్రమట్టి పూసిన కందులు

"పప్పు ఎట్లుంది జూడు. మన చెల్కలదే," అంటూ నా భర్త నరహరి స్టీలు గిన్నె నా ముందు పెట్టాడు. శనివారం సాయంత్రం. సూరత్ సలాబత్‌పురా చీరల మార్కెట్లో పొద్దున్నుంచి నిలబడి చీరలు మడతపెట్టి, కిక్కిరిసిన ఆటోలో డిండోలి దాకా వచ్చి, ఇంకా చెప్పులు కూడా విడవలేదు. గిన్నెలో కందిపప్పు పచ్చగా మెరుస్తోంది. నాకు ముందు అర్థం కాలేదు. మా ఇంట్లో కందులున్నది ఒకే ఒక్క చోట, మంచం కింది రేకు డబ్బాలో. అవి వచ్చే వానలకు వేయాల్సిన విత్తనాలు.

"డబ్బలయేనా?" అన్నాను.

"ఔ. రేపు సుబ్బారావు సార్ మనింట్ల బువ్వ తినడానికి వస్తుండు గద. దుకాన్ల పప్పు పెడితే ఇజ్జత్ ఏముంటది? ఘంటికాడ పట్టిచ్చుకొచ్చిన."

ఘంటి అంటే మా వీధి చివర ఉన్న పిండిమర. పప్పు కూడా పట్టి ఇస్తారక్కడ.

"అవి విత్తనాలు," అన్నాను.

"విత్తనాలేంది? ఎర్రమట్టి పూసి ఉండె. మా అమ్మ ఇసురుడుకు ముందు గట్లనే పూస్తుండె. నువ్వు పప్పుకే తయారు చేసిపెట్టినవ్ అనుకున్న."

ఒళ్లు మండిపోయింది. పప్పు చేయాలంటే కందులు నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి విసురుతారు. విత్తనాన్ని నానబెట్టరు. పురుగు పట్టకుండా పైపైన మట్టి పూసి, బూడిద కలిపి, వేపాకు వేసి దాస్తారు. రెండూ చూడ్డానికి ఎర్రగానే ఉంటాయి, కానీ నాలుగు గింజలు చేతిలోకి తీసుకున్న ఏ ఆడమనిషికైనా తేడా తెలుస్తుంది. వాళ్లమ్మ తిరగలి తిప్పుతుంటే ఇతను పక్కన కూర్చుని కథలు విన్నాడు. ఆమె కందులు నానబెట్టడం, ఆరబెట్టడం, చేతులు కాయలు కాయడం చూడలేదు. మట్టి రంగు ఒక్కటే గుర్తుంది మహానుభావుడికి. పోనీ, డబ్బాలో వేపాకు చూసైనా అనుమానం రాలేదా అని అడిగాను. ఏరి పారేశాడట.

"గింజలే గద బిడ్డా," అన్నాడు కుర్చీలోంచి మా మామ దశరథం. "ఉధ్నల కిరాణం దుకాన్ల బొచ్చెడు దొరుకుతయి. గిట్ల ముఖం మాడ్చుకుంటే రేపు వచ్చేటోళ్లు ఏమనుకుంటరు?"

దుకాణంలో దొరికే కందులు ఏ నేలలో పండాయో, ఎన్ని తడులు తాగాయో ఎవరికి తెలుసు? జనగామ దగ్గర మాకున్నది మూడెకరాల ఎర్ర చెల్క. బోరు లేదు, కాలువ లేదు. వాన పడితే పంట, లేకపోతే లేదు. నా పెళ్లయిన కొత్తలోనే మా అత్త నన్ను చేనంతా తిప్పి, ఎండకు తట్టుకుని నిలబడ్డ మొక్కలకే ఎర్ర దారం కట్టించింది. వాటి కాయలే విత్తనానికి. ఆమె పోయాక ఆ పని నాదైంది. ఆమె నగలు ఆడబిడ్డలు పంచుకున్నారు, నేను అడగలేదు. నాకు ఆ గింజలు చాలనుకున్నాను.

నరహరిది మరమగ్గాల పని. సాంచెలు ఆగితే ఎట్ల అంటూ సూరత్ వదలడు. ప్రతి మిరుగానికీ, తొలి వానల వేళకు, నేనే పనిలో నాగా పెట్టి, సేఠ్‌తో మాటలు పడి ఊరికి పోతాను. నాలుగు సాళ్ల పత్తి, ఒక సాలు కంది. మళ్లీ నాలుగు పత్తి, ఒక కంది. విత్తడం, కలుపు తీయడం, సాళ్ల మధ్య దంతె కొట్టించడం నేనే. పత్తి అమ్ముడయ్యే వేళకు మాత్రం నరహరి దిగుతాడు. దిగినప్పుడల్లా ఒకటే ఎగతాళి: "పత్తి చేన్ల గీ పప్పుల సాలేంది? జాగ దండుగ. నీ వంటింటిని చెల్కలకు తెచ్చినవ్." పత్తి అతనిది, పప్పుల సాలు నాది. కలుపు మాత్రం మొత్తం నాదే.

పోయిన ఏడు పత్తి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేసింది. ఊళ్లో పూతా పిందే రాలిపోయి, చేలన్నీ కట్టెపుల్లల్లా మిగిలాయి. మా చేనులో పత్తి సగమే వచ్చింది గానీ కంది నిలబడింది. దాని వేరు లోతుకు పోతుంది, రాలిన ఆకు నేలకు బలమవుతుంది. వట్టి పత్తి వేసినవాళ్లు వచ్చి చూసి పోయారు. ఆ మాట ఆ నోటా ఈ నోటా సూరత్‌లోని మా తెలంగాణ సమాజం దాకా వచ్చింది. చెల్క పాసుబుక్కులో ఎవరి పేరుందో చూశారు. ఆదర్శ రైతు అని నరహరికి శాలువా కప్పాలని తీర్మానించారు.

రేపే ఆ శాలువా. దానికోసమే ఈ పప్పు.

మెట్ల మీదికి పోయి ఊళ్లో స్వరాజ్యానికి ఫోన్ చేశాను. మా పక్క చెల్క ఆమెది. విత్తనం అమ్ముకోవడం మా ఆడవాళ్లలో లేదు, ఇచ్చిపుచ్చుకోవడమే. ఏటా నా గింజ ఆమెకు కొంత పోతుంది, ఆమె జొన్న నాకు వస్తుంది. సంగతి విని స్వరాజ్యం నరహరిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వింటుంటే నా ఊపిరి కాస్త తిన్నగా ఆడింది.

"నీ గింజ నా కుండల ఉంది, రంది పెట్టుకోకు," అంది చివరికి. "జర ఎక్కువనే దాసిన. రా, తీస్కపో. గని ఒక్క మాట అడుగుత. మల్ల గా చెల్కలనే ఎందుకు పోస్తవే? నాకు ఒక్కదానికి చేతనైతలేదు. నా రెండెకరాలు ఇద్దరం కలిసి చేద్దాం. పండింది చెరి సగం. నీ సగం నీదే, ఎవ్వడు అడగడు."

ఫోన్ పెట్టేసి, రేపటి వంటకు సామాన్లు తీయడానికి లోపలికి వచ్చాను.

ఆదివారం పొద్దున సమాజం హాల్లో ఆడవాళ్లందరం వెనక కుర్చీల్లో కూర్చున్నాం. నరహరి మైకు పట్టుకున్నాడు. "నేను నాలుగు సాళ్ల పత్తికి ఒక సాలు కంది పెడత," అన్నాడు. "వాన మీద బతికే చెల్కల ఒక్క పంటను నమ్ముకోవద్దు. పత్తి పోతే కంది ఆదుకుంటది." అవి నా మాటలు. మూడేళ్ల కింద అన్నం వడ్డిస్తూ నేను అన్నవి. ఆ రోజు "నీకేం తెల్సే, తినని" అన్న మనిషి ఇప్పుడు ఒక్క ముక్క పోకుండా అప్పజెబుతున్నాడు. చప్పట్లు మోగాయి. పక్కనున్నావిడ నా చెయ్యి నొక్కి, అదృష్టవంతురాలివమ్మా అంది. వంట ఉందని చెప్పి లేచి వచ్చేశాను.

కుక్కర్‌లో పప్పు ఉడికింది. మంచి వాసన, కమ్మటి వాసన. చింతపండు పిసుకుతూ, పోపు పెడుతూ, అప్పడాలు వేయిస్తూ ఇంత కోపంలోనూ ఉప్పు సరిగ్గానే వేశాను. నా చేతుల మీద నాకే అసహ్యమేసింది.

సుబ్బారావుగారు హజీరా ఫ్యాక్టరీలో పెద్ద మేనేజరు, నరహరికి శాలువా కప్పింది ఆయనే. గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. చాప మీద కూర్చుని రెండోసారి పప్పు వేయించుకున్నాడు.

"అమ్మా, ఇలాంటి పప్పు తిని ఎన్నాళ్లయిందో," అన్నాడు. "నరహరిగారూ, మాకూ కొంచెం మెట్ట చేను ఉందండీ. మీలాగే పత్తిలో వేయిస్తాను, ఈ కంది విత్తనం కాస్త ఇప్పించరాదూ?"

శాలువా ఇంకా భుజం మీదే ఉంది నరహరికి. "గదెంత పని సార్," అన్నాడు. నా వైపు తిరగను కూడా తిరగలేదు. "పద్మా, సార్‌కు జర విత్తనం మూటగట్టు."

గంటె గిన్నెలో పెట్టేశాను. నిన్నటిది మరిచిపోయాడా? లేదు, మరవలేదు. ఎక్కణ్ణుంచో తెస్తుందిలే అనుకున్నాడు. చొక్కా గుండీ, మందుబిళ్ల, పండగనాటి బియ్యం, అతను అడిగిందల్లా ఎక్కణ్ణుంచో వస్తూనే ఉంది ఇన్నేళ్లు. ఆ ఎక్కణ్ణుంచో అన్న చోటు పేరు నేనని అతనికెప్పుడూ తట్టలేదు.

"లేదు సార్," అన్నాను. "మీరిప్పుడు తిన్నది విత్తనమే. ఈయన తెల్వక నిన్న ఘంటికాడ పట్టిచ్చిండు."

సుబ్బారావుగారు విస్తట్లోని పప్పు వైపు చూశాడు. మామ దగ్గాడు. నరహరి ముఖం ఎర్రబడింది, అయినా నవ్వాడు. "ఏం ఫికర్ లేదు సార్. మిరుగానికి ఇది ఊరికి పోతది గద, తెస్తది."

"పోత," అన్నాను. "కని ఈ ఏడు స్వరాజ్యం చెల్కల చేస్త. ఈయన చెల్క ఈయననే ఇత్తుకుంటడు సార్, ఆదర్శ రైతు గద."