డాట్స్ వచ్చిన కృపారాణి

"అమ్మా, నాకు డాట్స్ వచ్చీసినాయే! మా ల్యాబుల నాకే ఫస్టు!"

ఎచ్చెర్ల హాస్టల్ నుంచి కృపారాణి ఫోనులో అరిచిన అరుపుకి చీపురుపల్లిలో మెర్సీ చేతిలో గరిట జారిపోయింది. మెర్సీ ఆశ కార్యకర్త. క్షయ రోగులను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాత్రలు మింగిస్తుంది. ఆ వైద్యం పేరే డాట్స్. కూతురు ఎమ్మెస్సీలో కార్బన్ డాట్స్ చేస్తోందని ఆమెకెవరు చెప్పారు?

"దగ్గొస్తందేటే?"

"కుక్కరు మూత తీస్తే రాదేటే మరి!"

మెర్సీకి డాట్స్, దగ్గు, ఆ రెండు మాటలే చాలు; కుక్కరు చెవికెక్కలేదు.

మర్నాడు శనివారం. తండ్రి సీమోను బండేసుకుని హాస్టల్ ముందు దిగాడు. "సదువు సాలు. బండెక్కు."

"సోమవారం ప్రాజెక్టు పరీక్ష నాన్నా! పోతే ఏడాది పోద్ది. నానో కణాలు..."

"నాన్నో అని ఏడిస్తే కరిగిపోను. కణాలు నీకే తగ్గిపోనాయి. ఆ రోగం పేరు రోడ్డుమీద ఎత్తకు!"

ఏ రోగమని కృపారాణి ఎంత అడిగినా ఇంట్లోనూ ఎవరూ దాని పేరెత్తలేదు. ఆదివారం చర్చిలో పాల్ పాస్టరుగారు ఎత్తారు. "ప్రభువా, మా కృపారాణి ఊపిరితిత్తులను క్షయనుండి..."

కృపారాణి లేచి నిలబడింది. "నా ఊపిరితిత్తులకేటైనాది అయ్యగారూ?"

"డాట్స్ వచ్చినాయన్నావు కదే!" మెర్సీ బావురుమంది.

కృపారాణి పడీపడీ నవ్వి, సంచిలోంచి పరీక్షలో చూపాల్సిన సీసా తీసింది. "ఇవే డాట్స్! గింజ తీసి పారేసే జీడిమామిడి పండు లేదా, దాని రసం కుక్కర్ల ఉడకబెట్టినాను. ఖరీదు మందుల్లేవు, విషాల్లేవు. కంటికి ఆనని బొగ్గు నలుసులు, అంతే."

"ఎమ్మెస్సీ అంటే మసేటే?" అన్నాడు సీమోను.

"మెరిసే మసి నాన్నా!"

కానుకల్లో దొంగనోట్లు పట్టే ఊదా టార్చి పాస్టరుగారి దగ్గరే ఉంది. కిటికీలు మూసి వెలుతురు కొట్టారు. టీ డికాక్షన్‌లా ఉన్న నీళ్లు నీలంగా వెలిగాయి. మెర్సీ కూతురి మెరిసే మసి చూసి చర్చంతా "ఓయమ్మ!" అంది.

వెనక వరసలకింకా అర్థం కాలేదు. సీమోను మైకు లాక్కున్నాడు.

"అందరూ ఇనండి! మా గుంటకొచ్చినవి మాత్తర్లు కావు, మసిసుక్కలు. రేపు ఎచ్చెర్లల దానికి పరీక్ష ఉన్నాది, నానే దింపుతాను. కఫం పరీక్ష కాదు, సదువు పరీక్ష!"