నూకరత్నం చూపుడువేలు

నూకరత్నం ఎడమచేత్తో బన్ను టీలో ముంచుకుని తింటోంది. కుడిచేయి కొంగులో దాచుకుంది. రొయ్య తలమీది ముల్లు గుచ్చుకున్న చూపుడువేలు ఎర్రగా వాచి, గోరు పక్కన పచ్చగా చీము పట్టింది. రాత్రంతా ఒకటే సలుపు. మొగుడు సముద్రంలో పోయినప్పటినుంచి, ఒక్క మనిషికి పొయ్యెందుకని పొద్దుటి పూట ఆవిడ తిండి ఇదే. పిల్లలు లేరు. తిన్నావా అని అడిగేవాళ్లూ లేరు.

భీమవరం శివార్లలోని రొయ్యల షెడ్డులో, గుమ్మం దగ్గరే క్లోరిన్ నీళ్లలో చేతులు ముంచాలి. పుండున్నవాళ్లను లోపలికి రానివ్వరు. ముఖం చిట్లించకుండా ముంచాలని దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది. ఆవిడ భయం నొప్పి గురించి కాదు. ఇంటికి పంపేస్తే పగలంతా ఆ గదిలో ఒక్కతీ కూర్చోవాలి. షెడ్డులో అయితే రొయ్యలు వొలుస్తూ పక్కవాళ్ల కబుర్లన్నా వినొచ్చు.

చేయి ముంచింది. ముఖం కదల్లేదు గానీ కళ్లు మాట వినలేదు, బొటబొటా కారాయి.

"ఏంటి రత్నం, ఏదీ చెయ్యి?" అంది సూపర్‌వైజర్ వీరవేణి. "అమ్మో! ముందు ఆస్పత్రికెళ్లు."

"నెప్పేం లేదండీ. గ్లౌజేసుకుంటానండీ."

"తగ్గాక రా."

తోడు ఎవరూ రాలేదు. ఎవరి పని వాళ్లది.

ఆస్పత్రిలో డాక్టరుగారు చిన్న గాటు పెట్టి వెళ్లిపోయారు. నర్సు తబిత దూదితో చీము తుడుస్తోంది.

"ఛీ, రోతండీ," అని నూకరత్నం మొహం తిప్పుకుంది.

"రోతేంటి పిన్నీ! నీ రక్తంలో తెల్ల కణాలని ఉంటాయి. ముల్లుతో పాటు క్రిములు లోపలికొచ్చాయి కదా, ఆ కణాలు వాటిని వెతుక్కుంటూ పోయి, చుట్టుకుని మింగేశాయి. లోపల అరిగించేసి, అవీ చచ్చిపోయాయి. ఈ చీములో ఎక్కువ అవే."

నూకరత్నం ఇటు తిరిగి చూసింది.

"నా కోసమాండీ?"

"మరెవరి కోసం?"

"వాటికి తిండండీ?"

"నువ్వు తిన్నదే."

టీ, బన్ను గుర్తొచ్చి ఆవిడకు సిగ్గేసింది. మొగుడు పోయాక తన కోసం ఎవరన్నా ఒక్క అడుగు వేశారంటే వినడం ఇదే మొదలు. ఏడుపొచ్చింది. నొప్పేమో అనుకుని తబిత మెల్లగా కట్టు కట్టింది.

నూకరత్నం గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఆ దూదినేం చేస్తారండీ?"

"పారేస్తాం పిన్నీ."

ట్రేలోని ఆ దూదిని ఇంకోసారి చూసింది. ఇంటికెళ్లి ఎడమచేత్తోనైనా పొయ్యి వెలిగించి, ఇంత అన్నం వండాలనుకుంటూ మెట్లు దిగింది.

ట్రేలో దూది ముద్ద మీద పసుపు మరక, అంచుల దగ్గర అప్పుడే ఆరుతోంది.