యోసేపు కుడిచెయ్యి

ఆ మొగుడూపెళ్లాల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒకరంటే ఒకరికి అంత ప్రాణమైనవాళ్లు నోరు తెరిచి ఒక్క మాట చెప్పుకొని ఉంటే ఏం పోయేది?

మా ఊరు సురంగల్‌లో మా ఇంటికీ కరుణమ్మ ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఆమె పెనిమిటి యోసేపు మోట కొట్టేవాడు. పొద్దున్నే ఎడ్లను తోలుతూ బావి దగ్గర పాట ఎత్తుకుంటే ఊరికి మెలకువ వచ్చేది. యుద్ధం నడుస్తున్న రోజుల్లో, సర్కారు లెవీ కింద జొన్నలు పట్టుకుపోయి ఇండ్లల్లో గింజలు అడుగంటిన ఏడాది, ఆ బావి దగ్గరే పక్షవాతం వచ్చి కూలబడ్డాడు. కాలు కొంత నయం. కుడిచెయ్యి మాత్రం పడిపోయింది.

చేవెళ్ల నుంచి నిర్మలమ్మ అనే నర్సు వచ్చింది. మాలిష్, కసరత్తు నేర్చుకున్న మనిషి. చేతికి వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూపించింది. చెయ్యి చచ్చిపోలేదని, తలకాయలో దెబ్బ తగిలి పని మరిచిపోయిందని, రోజూ పని చెప్తే మెల్లగా మళ్లీ నేర్చుకుంటుందని, వదిలేస్తే బిగుసుకుపోతుందని చెప్పింది. పోతూ పోతూ కరుణమ్మకు ఒక్కటి గట్టిగా చెప్పింది.

"ఎంతసేపైనా కానియ్యి, తన బువ్వ తనే తినాలె. నువ్వు తినిపియ్యకు."

మొదట్లో బాగానే సాగింది. వేళ్లు కదిలాయి. యోసేపు జొన్నరవ్వతో వండిన గట్క ముద్ద పట్టుకునేవాడు. అది నోటిదాకా వచ్చేలోపు సగం ఒళ్లో పడేది. పొద్దున కూర్చుంటే ఎండ ముదిరేదాకా తినేవాడు. అంతసేపూ కరుణమ్మ చంటిదాన్ని ఒళ్లో పెట్టుకొని ఎదురుగా ఆకలితో కూర్చునేది. మొగడు తినందే ముద్ద ముట్టదు. గుడిలో పాదిరిగారు ఏం చెప్పినా, గిన్నె దగ్గర మాత్రం వాళ్లమ్మ నేర్పిందే ఆమెకు వాక్యం. ఆలస్యమైతే కూలికి రానియ్యరని చాలాసార్లు తినకుండానే పరుగెత్తేది. పాలు తగ్గి చంటిది ఏడ్చేది.

అదంతా యోసేపు చూస్తూనే ఉన్నాడు. ఒకరోజు చెయ్యి బాగా నొస్తున్నదని, తినిపియ్యమని అడిగాడు. పాపం ఆమె నమ్మింది. నర్సు వద్దన్నది కదా అని నేనంటే, నొప్పి అన్న మనిషిని ఎట్ల బలవంతపెడతానని నా మీదికే వచ్చింది. అప్పటినుంచి అతని తిండి చిటికెలో అయిపోయేది, ఆమె తిని పనికి పోయేది. ఆ ఇంట్లో మళ్లీ నవ్వులు కూడా వినిపించాయి.

వానలు పడి బాటలు పాడై నిర్మలమ్మ చాన్నాళ్లు రాలేదు. వచ్చేసరికి ఆ చెయ్యి పిడికిలై కూర్చుంది. వేలు విప్పబోతే యోసేపు పండ్లు బిగబట్టాడు. ఈసారి నొప్పి నిజమే. ఇక ఇది తెరుచుకోదని నర్సు తలొంచుకొని చెప్పింది.

ఆమెను సాగనంపి వచ్చి కరుణమ్మ మొగణ్ని నిలదీసింది. తినిపియ్యమని అడిగిన ఆనాడు నిజంగా నొచ్చిందా అని అడిగింది.

"లేదు" అన్నాడు యోసేపు. "నేను తినేదాక నువ్వు తినకపోతివి. నీ మొఖం చూడలేకపోయిన."

"ముందుగాల తినుమని ఒక్క మాట అంటే తినకపోదునా?"

"అది నాకు తోచనే లేదు."

ఆమెకు మాత్రం తోచిందా? నా కడుపుమంటంతా అందుకే.

మరునాడు కరుణమ్మ గట్క దించి, తనకు పెట్టుకొని, అతని ఎదుటే కూర్చొని ముందు తిన్నది. ఏడుస్తూనే గిన్నె ఖాళీ చేసింది. తర్వాత అతని గిన్నె ముందు పెట్టింది.

"నేను తిన్న. ఇగ నిమ్మలంగ తిను."

యోసేపు ఆ పిడికిలినే గిన్నెలో పెట్టాడు. ఎత్తితే వేళ్ల కణుపులకు కాస్త గట్క అంటుకొని వచ్చింది. ఆమె చూస్తుండగా దాన్ని నాకి, తింటున్నానన్నట్టు తల ఊపాడు.