ముసలి జీపుకు పెళ్ళిచూపులు

మా ఆయన సంపత్ దుబాయిలో తొమ్మిదేళ్ళు షేకుల బండ్లు నడిపి వచ్చాడు. పాత డీజిల్ జీపొకటి అమ్మకానికి ఉందని తెలిసిన రోజు నుంచి నిద్రలో కూడా గేర్లు మారుస్తున్నాడు. మా జైనూర్ చుట్టూ గుట్టల మీది ఊళ్ళకు బస్సు సరిగ్గా రాదు. సంత రోజుల్లో జనాన్ని ఎక్కించుకుంటే మా బతుకు గడిచిపోతుందంటాడు. అది నిజమే. కానీ శుక్రవారంలోగా జీపన్నా కొనాలి, ఏజెంటు తెచ్చిన కొత్త వీసాకు సరేనన్నా అనాలి.

నాకైతే ఆయన పోవద్దనే ఉంది. ఆ మాట చెప్పే మొహం నాకు లేదు. పోయినసారి ఇంటికి స్లాబు వేయాలని, పొమ్మని పోరు పెట్టింది నేనే.

మొదటి బస్సుకు ఆదిలాబాద్ వెళ్ళాం. డీజిల్ బండిని పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి చూడాలని బొగ్గుబావిలో జీపు నడిపిన మా బాపు చెప్పేవాడు. వేడెక్కాక ఎంత ముసలి ఇంజనైనా ఉరుకుతుందట.

జిన్నింగ్ మిల్లు వెనక ఉంది జీపు. వయసులో నాకంటే పెద్దది. దూది పట్టి నెత్తి నెరిసినట్టుంది. యజమాని బాలమల్లు దానికి పసుపు కుంకుమ పూసి, పెళ్ళిచూపులకు తయారు చేసినట్టు నిలబెట్టాడు.

"నిన్న మాపటి సంది ముట్టలే చెల్లే. గిప్పుడు సూడుండ్రి, ఒక్క దెబ్బకు లేస్తది," అన్నాడు.

లేచింది. మిల్లు మీది పావురాలూ లేచాయి.

నేను కిందికి చూశాను. చక్రాల వెనక నిమ్మకాయలు నలిగి పడి ఉన్నాయి. రసం ఇంకా ఆరలేదు. వాటి వెనక మట్టిలో బండి తోసిన నలుగురి అడుగుల జాడలున్నాయి. నాకు విషయం అర్థమైంది. బండి లేవకపోతే పరువు పోతుందని పొద్దున్నే మొక్కుకుని, నిమ్మకాయలు తొక్కించి, నలుగురితో తోయించి, ఇంజను వేడి చేసి పెట్టాడు. భక్తి ఉన్న దొంగకు ఇదే కష్టం. దేవుడికి చెప్పకుండా మోసం కూడా చేయలేడు.

నేను చెప్తే సంపత్ జీపు వదిలేస్తాడు, వీసా పట్టుకుంటాడు. చెప్పకపోతే ఈ తుక్కు మా నెత్తిన పడుతుంది. చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మొగుణ్ణి మోసం చేయడం నాకు అలవాటు లేదు, చిన్నచిన్నవి తప్ప. పక్కకు పిలిచాను.

"పొద్దుగాల్నే తోసి లేపిండ్రు. గా నిమ్మకాయలు సూడు. రేపటికి గిది లేవది."

"నాకెరుకే. లేపకముందే బానెట్ మీద చెయ్యి పెట్టిన, చురుక్కుమన్నది."

"ఎరికైతె మరి ఎందుకు కొంటున్నవ్?"

ఆయన జీపు వైపే చూస్తూ అన్నాడు. "మంచి బండి కొంటె అవ్వ డ్రైవర్ను పెడదామంటది. తమ్ముడు కిరాయికిద్దామంటడు. నువ్వు ఇంకొక్కసారి పోయిరమ్మంటవ్. గిదైతె నేను లేకుంటె కదలది. నన్నెవ్వలు పొమ్మనరు."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది. సొంత ఇంట్లో ఉండడానికి ఈ మనిషి ఒక చెడిపోయిన జీపును సాకుగా వెతుక్కున్నాడు.

నేరుగా బాలమల్లు దగ్గరికి పోయాను. "అన్నా, బండి తీస్కుంటం. నిమ్మకాయలు మంచిగ తొక్కించినవ్ గని, రోజూ తోసేటోళ్ళ కూలి ధరలకెల్లి తగ్గియ్యి."

బాలమల్లు చక్రాల వెనక్కి చూసి నాలుక కరుచుకున్నాడు. ధర తగ్గించాడు.

అక్కడి నుంచే ఏజెంటుకు ఫోన్ చేసి, మా ఆయన రాడని చెప్పాను.

"ఎందుకు రాడక్కా?"

"మా బండికి డ్రైవర్ లేడు," అన్నాను.